అర్ధరాత్రి అరుపులు, బకెట్లో నీళ్ళు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంట్లో కాటుక అని ఒక నల్ల పిల్లి ఉంది. ఆడది. వచ్చే నెలకి 15 ఏళ్ళు నిండుతాయి. పిల్లలు పుట్టకుండా చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా చొక్కాలో దాచి తెచ్చాడు. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, పిల్లి నాకు మిగిలింది.

నాలుగు నెలలుగా దీని తీరు మారింది. రాత్రి రెండు, రెండున్నర మధ్య హాల్లోకి వెళ్ళి గోడకేసి నిలబడి అరుస్తుంది. మామూలు మ్యావ్ కాదండీ, తప్పిపోయిన పసిపిల్ల ఏడ్చినట్టుంటుంది. నేను లేచి లైటు వేసి "ఏమైందే" అంటే ఒక్క క్షణం కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది, ఆ తర్వాత వచ్చి కాళ్ళకి రాసుకుంటుంది. నేను వెళ్ళి నడుం వాల్చిన పది నిమిషాలకి మళ్ళీ మొదలు. పగలంతా కాలుగాలిన పిల్లి అంటారు చూడండి, అచ్చం అలాగే తిరుగుతుంది.

తిండికి లోటు లేదు. ఇదివరకటికి రెండింతలు తింటోంది. కానీ వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. పోయినేడు టీకా చీటీ మీద 4.1 కిలోలు రాసి ఉంది, మొన్న నేను ఎత్తుకుని తూకం చూస్తే 3.3 వచ్చింది. వారానికి రెండుసార్లయినా కక్కుతోంది. బాత్రూములో బకెట్ అంచు మీద ముందుకాళ్ళు ఆనించి నీళ్ళు తాగుతోంది. ఇన్నేళ్ళలో అది నీళ్ళు తాగడం నేను చూసిందే తక్కువ.

మావారు "వయసైపోయింది, చాదస్తం, వదిలెయ్" అంటారు. మా అబ్బాయి ఫోనులో వెతికి, ముసలివాళ్ళకి వచ్చే మతిమరుపు జబ్బులాంటిదే పిల్లులకీ వస్తుందని, దానికి మందు లేదని చెప్పాడు. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. అరుపుల వల్ల కాదు. బాధపెట్టకుండా ఇంజెక్షన్ ఇప్పించి పంపించేస్తే మేలేమో అన్న ఆలోచన నాకు వచ్చినందుకు. నేనేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీ చివరి మాటకి ముందు జవాబు చెప్పేస్తాను, లేకపోతే మిగతాదేదీ మీ మనసుకెక్కదు. ఇంజెక్షన్ మాట ఇప్పుడు తలపెట్టకండి. ఒక్కసారి కూడా రక్తం పరీక్ష చెయ్యని పిల్లి విషయంలో ఆ మాట ఎత్తే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. మీరు రాసింది చూస్తే కాటుకది మందున్న జబ్బే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

తెలియకుండానే మీరు నా పనిలో సగం చేసి పంపారు. "రెండింతలు తింటోంది", "వెన్నుపూసలు తగులుతున్నాయి". ఈ రెండూ ఒకే ఉత్తరంలో కనబడితే, ముసలి పిల్లుల్ని చూసే అలవాటున్న ఏ డాక్టరి చెయ్యైనా ముందు దాని మెడ కిందకే పోతుంది. అక్కడ శ్వాసనాళానికి అటూ ఇటూ థైరాయిడ్ గ్రంథి రెండు భాగాలుగా ఉంటుంది. మామూలుగా వేలికి అందదు. పదేళ్ళు దాటిన పిల్లుల్లో చాలాసార్లు ఇది పెరిగి, అవసరానికి మించి హార్మోను పోస్తుంది. నూటికి 95 పైగా పిల్లుల్లో ఆ పెరుగుదల క్యాన్సరు కాదు, ఉత్త గడ్డే. కానీ ఆ హార్మోను ఒంట్లో ప్రతి పొయ్యినీ పెద్ద మంట మీద పెడుతుంది. ఎంత తిన్నా కాలిపోతుంది. గుండె పరిగెడుతుంది. కడుపు ఊరుకోదు, కక్కుతుంది. కాలు ఒకచోట నిలవదు. నిద్ర పట్టదు, అర్ధరాత్రి లేచి అరుస్తుంది.

కాలుగాలిన పిల్లి అన్నారు చూడండి, ఆ మాట పుట్టించినవాళ్ళు థైరాయిడ్ పెరిగిన పిల్లిని చూసే పుట్టించారని నాకో సరదా అనుమానం. పిల్లుల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాసిందే 1979లో కాబట్టి నా అనుమానానికి రుజువేం లేదు లెండి.

బరువు దగ్గర కాస్త ఆగండి. 800 గ్రాములేగా అనిపిస్తుంది. కానీ అది దాని ఒంట్లో అయిదో వంతు. 60 కిలోల మనిషి ఒక్క ఏడాదిలో 12 కిలోలు తగ్గితే ఇంట్లోవాళ్ళు "వయసు" అని ఊరుకుంటారా? పిల్లి అయ్యేసరికి ఊరుకుంటాం. బొచ్చు దాచేస్తుంది మరి. మీరు చీటీ దాచి, ఎత్తుకుని తూకం వేసి, మీ బరువు తీసేసి లెక్క కట్టారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ పని చేసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మా ఇంట్లో బద్ధకం అని ఒక గండుపిల్లి ఉండేవాడు. పేరుకు తగ్గవాడే. పదమూడో ఏట కిటికీ గట్టు మీదకి ఎక్కడం మానేశాడు. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు గట్టిగా అరిచాడు. రోజంతా అందరి పిల్లుల్నీ చూసి ఇంటికొచ్చే నేను "ముసలాడివైపోయావురా" అని ముద్దుచేసి వదిలేశాను. ఒక ఉదయం వాడు తిన్నగా వెళ్ళి కుర్చీ కాలికి గుద్దుకున్నాడు. ఎత్తుకుని వెలుతురులోకి తెచ్చి చూస్తే కంటిపాపలు రెండూ నల్ల బొత్తాముల్లా విచ్చుకుపోయి ఉన్నాయి, దీపం చూపించినా ముడుచుకోవు. రక్తపోటు పెరిగి రెండు కళ్ళలోనూ రెటీనా, అంటే చూపునిచ్చే వెనక పొర, ఊడిపోయింది. కొలిస్తే 210 పైన ఉంది. మాత్రలతో పోటు దిగింది, ఒక కన్ను కొంచెం కోలుకుంది, రెండోది పోయింది. కొలిచే పరికరం నా బల్ల సొరుగులోనే ఉండేది. ఇంట్లో పిల్లికి ఒక్కసారీ కట్టలేదు.

అందుకే కాటుకకి మీరు అడిగి మరీ రక్తపోటు చూపించాలి. చాలాచోట్ల చూడరు. ముందుకాలికో తోకకో చిన్న పట్టీ కట్టి కొలుస్తారు. బుట్టలోంచి తీసిన వెంటనే చూస్తే భయానికి ఎక్కువ చూపిస్తుంది. పది నిమిషాలు మీ ఒళ్ళో ఊరుకోబెట్టాక చూడమనండి, ఒకటికి అయిదారుసార్లు. పై అంకె మళ్ళీ మళ్ళీ 160 దాటితే అనుమానించాలి, 180 దాటితే కళ్ళూ మెదడూ మూత్రపిండాలూ అన్నీ ప్రమాదంలో ఉన్నట్టే. ఆమ్లోడిపిన్ అనే మాత్రతో ఎక్కువ పిల్లుల్లో దిగుతుంది. మనుషులు వాడే మందే, కానీ పిల్లి మోతాదు వేరు, ఇంట్లో ఉన్నది విరిచి వెయ్యకండి.

ఇక బకెట్ నీళ్ళు. దీనికి మూడు దారులున్నాయి: మూత్రపిండాలు, మధుమేహం, మళ్ళీ అదే థైరాయిడ్. ఇంట్లో మీరే కొలవొచ్చు. బాత్రూము తలుపు మూసెయ్యండి, కొలిచిన నీళ్ళు ఒకే గిన్నెలో పెట్టండి, 24 గంటల తర్వాత మిగిలినవి కొలవండి. పిల్లి రోజుకి, కిలో బరువుకి 50 మిల్లీలీటర్ల లోపు తాగడం మామూలు. కాటుక లెక్కన 165. రెండు మూడు రోజులు వరసగా అది దాటితే ఆ అంకె రాసుకుని డాక్టరు చేతిలో పెట్టండి. "బాగా తాగుతోందండీ" అన్న మాట కన్నా "200 తాగింది" అన్న మాటకి బలం ఎక్కువ.

మూత్రపిండాలతో ఒక తిరకాసు ఉంది, ముందే తెలిస్తే తర్వాత బెంబేలెత్తరు. థైరాయిడ్ పెరిగినప్పుడు గుండె గట్టిగా కొట్టుకుని మూత్రపిండాలకి రక్తం ఎక్కువ తోస్తుంది. దాంతో పాడైన మూత్రపిండాలు కూడా పరీక్షలో బాగున్నట్టు కనబడతాయి. పైగా మూత్రపిండాల పని తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ కండలోంచి పుట్టేది, కండ కరిగిపోయిన ఒంట్లో అది ఎలాగూ తక్కువే పుడుతుంది. మందు మొదలెట్టి థైరాయిడ్ దారికొచ్చాక అసలు రంగు బయటపడుతుంది. "మందు వేసి మూత్రపిండాలు పాడుచేశారు" అని పోట్లాడడానికి వస్తారు జనం. పాడుచెయ్యలేదు, ముసుగు తీసింది అంతే. అందుకే మందు మొదలైన మూడు నాలుగు వారాలకి రెండూ కలిపి మళ్ళీ చూడాలి. క్రియాటినిన్ పెరిగేటప్పటికే మూత్రపిండాల పనిలో ముప్పావు వంతు పోయి ఉంటుంది కాబట్టి, దాని కన్నా ముందే పెరిగే ఎస్‌డీఎంఏ పరీక్ష దొరికితే అదీ చేయించండి. మూత్రం చిక్కదనం ఎంత ఉందో చూడమనండి, పెద్ద ఖర్చు లేని పరీక్ష, చాలా చెప్తుంది.

మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు, వరస తప్పు. పిల్లులకి మతిమరుపు వస్తుంది. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లుల్లో నూటికి 28, పదిహేను దాటితే సగం పిల్లులు అలాంటి మార్పు ఏదో ఒకటి చూపిస్తాయని అధ్యయనాల్లో తేలింది. తెలిసిన గదిలోనే దారి తప్పుతాయి, గోడ చూస్తూ నిలబడతాయి, రాత్రి పగలు తారుమారవుతాయి. అయితే దీన్ని పట్టే రక్తం పరీక్ష లేదు. థైరాయిడ్, రక్తపోటు, మూత్రపిండాలు, చక్కెర, కీళ్ళ నొప్పి, పళ్ళు, ఇవన్నీ తీసేశాక మిగిలితే దానికి ఆ పేరు పెడతాం. ముందే పెట్టేస్తే మందున్న జబ్బును మందులేని పెట్టెలో పడేసినట్టు. చెవుడు కూడా మరిచిపోకండి. వినబడని పిల్లికి తన గొంతు తనకే తెలియదు, ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. అది వెనక్కి తిరిగి ఉన్నప్పుడు కాస్త దూరంగా, గాలి తగలకుండా తాళాలు గలగలమనిపించండి. చెవి కదిలిందో లేదో చూస్తే చాలు.

రక్తంలో టీ4, అంటే థైరాయిడ్ హార్మోను, ఎక్కువగా వస్తే సాధారణంగా దాన్ని తగ్గించే మెథిమజోల్ కానీ కార్బిమజోల్ కానీ తక్కువ మోతాదుతో మొదలెడతారు. బతికున్నంత కాలం వెయ్యాలి. మాత్ర మింగకపోతే చెవి లోపలివైపు రాసే పూతగా కూడా తయారు చేసిస్తారు, అప్పుడు మీ చేతికి తొడుగు తప్పనిసరి, మందు మీ ఒంట్లోకీ పోతుంది. మొదటి వారాల్లో వాంతులు పెరిగినా, ముఖం రక్తం వచ్చేలా గోక్కున్నా మందు ఆపి ఫోను చెయ్యండి. దుష్ఫలితాలు వస్తే చాలావరకు మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తాయి. రేడియోధార్మిక అయోడిన్ ఇంజెక్షన్ ఒక్కటి వేస్తే ఎక్కువ పిల్లుల్లో జబ్బు పూర్తిగా పోతుంది, కానీ ఆ వసతి అన్నిచోట్లా ఉండదు. గడ్డ తీసెయ్యడానికి శస్త్రచికిత్స ఉంది, అయోడిన్ తగ్గించిన ఆహారం కూడా ఉంది. ఆ ఆహారం పెడితే ఇంకేదీ ఒక్క ముక్క ముట్టనివ్వకూడదు. అడిగితే కాదనలేని ఇళ్ళలో అది జరిగే పని కాదు, మీది అలాంటి ఇల్లేనని ఉత్తరంలోనే తెలుస్తోంది.

పరీక్షకి వెళ్ళేలోపు ఒక రాత్రి మీరు లేచినప్పుడు ఫోనులో అర నిమిషం వీడియో తీయండి. బల్ల మీదకి వచ్చిన పిల్లి బిగుసుకుని మూగదైపోతుంది, ఇంట్లో ఏం చేస్తుందో నాలాంటివాళ్ళకి తెలియదు. హాల్లో చిన్న రాత్రిదీపం పెట్టండి. గిన్నె, పడక, అది మలమూత్రాలకి వెళ్ళే ట్రే ఉన్నచోటు మార్చకండి. పడుకునే ముందు చివరి తిండి కాస్త పెట్టండి. అరిచినప్పుడు కసరకండి. మాట వినిపించండి చాలు, లేచి వెళ్ళి తిండి మాత్రం పెట్టకండి. రెండింటికి అరిస్తే గిన్నె నిండుతుందని కాటుక నేర్చుకుంటే, జబ్బు తగ్గాక కూడా అరుపు తగ్గదు. ఇది వైద్యం కాదు, అనుభవం.

ఈ వారంలోనే తీసుకెళ్ళండి. నోరు తెరిచి రొప్పినా, వెనక కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడి చల్లబడినా, కంటిపాపలు మా బద్ధకానికైనట్టు అయినా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా వారం ఆగొద్దు, ఆ పూటే వెళ్ళండి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరుకుని అదే ప్రాణం మీదకి తెస్తుంది, లావుగా ఉన్న పిల్లికి మరీను.

ఇంజెక్షన్ సంగతి. పరీక్షలన్నీ అయ్యాక, మందులు వాడాక, అది తినడం, ఒళ్ళు నాక్కోవడం, మీ దగ్గరికి రావడం మూడూ మానేసిన రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. కాటుక ఇంకా వచ్చి మీ కాళ్ళకి రాసుకుంటోంది. ఫలితాలు వచ్చాక నాకు రాయండి.

ప్రశ్న: మా చారల గండుపిల్లికి 12 ఏళ్ళు. ఎప్పుడూ ట్రేలోనే పోసేవాడు, ఇప్పుడు ట్రే పక్కన పోస్తున్నాడు. బీరువా పైకి ఎక్కడం మానేశాడు. రెండు నెలల కిందట మాకు మనవడు పుట్టాడు, ఆ అలక అని మా ఆవిడ అంటోంది. ఒకవేళ నొప్పయితే పారాసిటమాల్ పావు ముక్క వెయ్యొచ్చా?

జవాబు: వెయ్యొద్దు. పావు కాదు, చిటికెడు కూడా వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో దాదాపు లేదు. రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, చిగుళ్ళు బూడిదరంగవుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ప్రాణం పోతుంది. మనుషుల నొప్పి మాత్రలు ఇంకేవీ కూడా అడగకుండా వెయ్యకండి. పొరపాటున ఇప్పటికే వేసి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి, విరుగుడు ఉంది.

అలక సంగతి తర్వాత. ముందు ఒకటి చూడండి: పోస్తున్నాడా, పోయడానికి ముక్కుతున్నాడా? మాటిమాటికీ కూర్చుని చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టు. మగపిల్లుల్లో అది ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది, రాత్రయినా సరే తీసుకెళ్ళాలి. ధార బాగానే ఉంటే నా అనుమానం కీళ్ళ మీద. 12 దాటిన 100 పిల్లులకి ఎక్స్‌రే తీసి చూసిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకి కీళ్ళ అరుగుదల కనబడింది. పిల్లి కుంటదు, మూలగదు. ఎక్కడం మానేస్తుంది, అంతే. ఎత్తు గోడల ట్రేలోకి కాలెత్తి దిగడం నొప్పి, అందుకే పక్కన పోస్తున్నాడు. ఒకవైపు అంచు నాలుగు వేళ్ళ ఎత్తుకి కోసిన ట్రే పెట్టి వారం చూడండి. బీరువా దగ్గర ఒక పీట, ఒక స్టూలు మెట్లలా వెయ్యండి. గోళ్ళు కూడా చూడండి. గోకడం తగ్గిన ముసలి పిల్లికి గోరు మెలితిరిగి పాదంలోకే దిగుతుంది, దాంతోనే నడక మానేసినవాటిని చాలా చూశాను. పిల్లుల కోసమే తయారైన నొప్పి మందులున్నాయి, మూత్రపిండాల పరీక్ష చేశాక మీ డాక్టరు ఇస్తారు.

మనవడి మీద అలక ఉండదని అనను. కానీ అలిగిన పిల్లి బీరువా ఎక్కి కూర్చుంటుంది, ఎక్కడం మానదు.

ప్రశ్న: మా నల్ల పిల్లికి 10 ఏళ్ళు. మీసాలు రెండు తెల్లబడ్డాయి. పచ్చని కంట్లో గోధుమరంగు చుక్కలు కూడా వచ్చాయి. ఏదైనా లోపమా?

జవాబు: మీసాలది వయసు, మీకూ నాకూ వచ్చినట్టే. చుక్కల్లో ఎక్కువ ఏ హానీ చెయ్యని మచ్చలే, కానీ కొన్ని మెల్లగా క్యాన్సరుగా మారతాయి. ఈ రోజు మంచి వెలుతురులో ఆ కంటిని దగ్గరగా ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకోండి, మూడు నెలలకోసారి అలాగే తీసి పక్కన పెట్టి చూడండి. చుక్కలు కలిసిపోతున్నా, ఉబ్బెత్తుగా కనబడినా, కంటిపాప ఆకారం మారినా ఆ ఫొటోలన్నీ పట్టుకుని కంటి సంగతి తెలిసిన పశువైద్యుల దగ్గరికి వెళ్ళండి.